మేత చప్పుడు వినే మనిషి

ఆమె పోయిందన్న కబురు నాకు కుప్పంలో అందింది. ఫోను చేసింది ఆమె కోడలు. మా అత్త పోయిందప్పా, రేపు పొద్దున ఎత్తుతారు, వీలైతే రా అని చెప్పి పెట్టేసింది. అప్పుడు నా ముందు బల్ల మీద ఎవరిదో కంప్యూటరు పవర్ సప్లై డబ్బా మూత తీసి ఉంది. దాని ఫ్యాను మార్చాలి. మాలాంటి మెకానిక్కులకు అది రోజూ ఉండే పనే, అందులో విశేషమేమీ లేదు. కానీ ఆ పూట స్క్రూడ్రైవరు పట్టుకుని ఎంతసేపు అట్లా కూర్చున్నానో నాకే తెలియదు. ఇలాంటి ఫ్యాను ఒకటి మార్చబట్టే ఆమె ఎంతటి మనిషో నేను కళ్ళారా చూశాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే, నా పేరుతో నీకేం పనప్పా అని లేచి వచ్చి అడిగినా అడుగుతుంది. పుంగనూరులో ఆ వీధివాళ్ళకే ఆమె పేరు సరిగా తెలియదు. అందరికీ పెద్దమ్మే. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళు కూడా పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళు. పొడుగ్గా, ఎముకలు తేలి, నడుము వంగకుండా ఉండేది. భూమి ఉన్నవాళ్ళ దర్జా ఆమె చీరలో కనిపించేది కాదు, నడకలో కనిపించేది. ఊరి చివర, మదనపల్లె రోడ్డులో పెద్ద పెంకుటిల్లు. ఇంటి వెనక మల్బరీ తోట. భర్త పోయాక సేద్యమంతా ఆమె మాట మీదే నడిచేది. కొడుకు టమాటా వ్యాపారమని మదనపల్లె యార్డు చుట్టూ తిరుగుతుండేవాడు. ఆకు కోసేది, మోసేది, పురుగుల తట్టలు శుభ్రం చేసేది కోడలు. పెద్దమ్మ చేసే పని ఒక్కటే. వినడం.

పట్టుపురుగులు ఆకు తినేటప్పుడు చప్పుడు అవుతుంది. చిన్నవిగా ఉన్నప్పుడు వినిపించదు. నాలుగో జ్వరం లేచాక, వేలెడేసి పురుగులు గది నిండా ఒక్కసారిగా మేతకు దిగితే, చెట్ల ఆకుల మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. జ్వరమంటే ఒళ్ళు కాలే జ్వరం కాదు. కుబుసం విడిచే ముందు పురుగు మేత మానేసి, తల ఎత్తుకుని, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరమంటారు. జ్వరంలో ఉండగా ఆకు వేస్తే నష్టం, లేచాక వేయకపోతే ఇంకా నష్టం. మిగతా రైతులు తట్టలోకి తొంగిచూసి ఆ సంగతి చెబుతారు. ఆమె మాత్రం గది బయట, వసారాలో నులకమంచం మీద కూర్చుని, తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పేది. ఆకు అయిపోవస్తోంది, కోసుకురండి అనేది. లోపలికెళ్ళి చూస్తే ఈనెలు మాత్రమే మిగిలి ఉండేవట.

బి.కొత్తకోట వైపు నుంచి కూడా రైతులు వచ్చి, మా పురుగు ఎట్లా మేస్తోందో ఒకసారి విని చెప్పమని, డాక్టరును తీసుకెళ్ళినట్టు ఆమెను తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ ఆమె చూపుడు వేలు పైకెత్తితే ఆ ఇంట్లో పిల్లలు ఏడుపు కూడా ఆపేసేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. అది నేను చూడలేదు గానీ నమ్ముతాను. ఆ వేలు లేచిందంటే నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసేవాణ్ణి.

నేను ఆ ఇంట్లోకి వెళ్ళింది కంప్యూటరు పెట్టుకోవడానికి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. మదనపల్లెలో డీటీపీ, కొద్దిగా రిపేరు పని నేర్చుకుని, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు కూడదీసుకుని, పెళ్ళిపత్రికలూ దరఖాస్తులూ కొట్టిచ్చే కొట్టు పెడదామని పుంగనూరు చేరాను. గది అడగడానికి వెళ్ళిన రోజు ఆమె నన్ను ఎగాదిగా చూడలేదు, వాసన చూసింది. పౌడరు పూసుకున్నావా అంది. పూసుకున్నానన్నాను. పురుగుకు పడదు, ఇంక పూసుకోవద్దంది. అగరొత్తులు వెలిగించకూడదు, దోమలకు పొగ పెట్టకూడదు, బీడీ తాగేవాళ్ళను గడప తొక్కనివ్వకూడదు. అన్నిటికీ తలూపాను. అట్లా నా కొట్టు సాంబ్రాణి పొగ లేకుండా, ఒక్క కొబ్బరికాయతో మొదలైంది. దేవుడు సర్దుకుంటాడు గానీ పురుగు సర్దుకోదని ఆమె వాదన.

వీధి వైపు గది నాది, దాని వెనక గది పురుగులది. పాత ఇల్లు కాబట్టి మధ్య గోడ కప్పు దాకా లేదు. రెండు గదుల పక్కనా పొడుగ్గా వసారా, అందులో ఆమె మంచం, మంచం మీద నుంచి చూస్తే తోట. పురుగుల గదిలోకి పోవాలంటే కాళ్ళూ చేతులూ కడుక్కుని, గడప దగ్గర చల్లిన సున్నం తొక్కి పోవాలి. నన్ను అట్లా కూడా పోనిచ్చేది కాదు.

పురుగులు బాగున్నాయన్న మాట ఆమె నోట ఎవరూ విని ఎరగరు. ఇంక్ డబ్బా కోసమో కాగితాల కోసమో నేను అప్పుడప్పుడు ఆమె పట్టుగూళ్ళ మూటలతో పాటు మదనపల్లె పోయేవాణ్ణి. పట్టుగూళ్ళ మార్కెట్లో ఆమె సరుకు తెల్లగా, గట్టిగా, కుప్ప పోస్తే పక్కవాళ్ళు తిరిగి చూసేట్టు ఉండేది. ఎట్లా పండించినావు పెద్దమ్మా అని వ్యాపారులు అడిగితే, ఏదో సచ్చినవి సావంగా మిగిలినాయి అనేది. పక్క రైతు కుప్పలో నుంచి ఒక గూడు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపలి పురుగు కొట్టుకునే తీరును బట్టి మంచిదో కాదో చెప్పేది. నేను ఆ కొట్టులో ఉన్న ఏడాదిలో ఆ గూడును ఊపడం రానురాను ఎక్కువసేపైంది. శ్రద్ధ పెరిగిందనుకున్నాను.

ఆ ఏడాదే ఆమె ఇంకో మాట మొదలుపెట్టింది. ఈమధ్య పురుగు మేత ఎక్కువైందట. నాలుగో జ్వరం లేచిందంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా మేస్తూనే ఉందట. అంతకు ముందే తోటలో కొత్తరకం మల్బరీ నాటారు, ఆ ఆకు మహిమ అనుకున్నారంతా. కోడలు తోటకూ గదికీ మధ్య తిరుగుతూనే ఉండేది. ఇంకా విచిత్రమేమిటంటే, కరెంటు పోతే పురుగులు మేత ఆపేసేవి. యూపీఎస్ కీచుకీచుమంటుంటే నేను గబగబా ఫైలు సేవ్ చేసి, కంప్యూటరు ఆపి, వీధి చివర టీకొట్టుకు బయలుదేరేవాణ్ణి. వసారా దాటుతుంటే ఆమె గోడ మీద నుంచి తల తీసి, సూడప్పా, కరెంటు పోతానే ఆపేసినాయి అనేది. ఎందుకని అడిగితే, కరెంటు లేకపోతే మనకే ఊపిరాడదు, పురుగుకు ఎట్టాడతాది అనేది. ఆ గదిలో అసలు పంకాయే లేదు. ఆ సంగతి నాకు గానీ ఎవరికి గానీ తట్టలేదు. మా పెద్దమ్మ పురుగులు కరెంటాఫీసు వాళ్ళు చెప్పినట్టు నడుచుకుంటాయని టీకొట్టులో గొప్పగా చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆమె పిలిస్తే పలకడం తగ్గించింది. అది పెద్దరికమనుకున్నాం. కొడుకు మోటారుసైకిలు వాకిట్లోకి వచ్చి ఆగినా తల తిప్పేది కాదు. కొడుకు మీద కోపమనుకున్నాం. అంతటి మనిషి విషయంలో మనకు అంతకు మించి తోచదు.

ఏడాది తిరిగేసరికి నా కంప్యూటరు ఫ్యాను గరగరమనడం మొదలైంది. కంప్యూటరు వెనక భాగంలో పవర్ సప్లై అని ఒక రేకు డబ్బా ఉంటుంది, లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించేది అదే. దాని వేడి బయటికి తోసే చిన్న ఫ్యాను అరిగిపోయింది. కుట్టుమిషను నూనె చుక్క వేశాను. కొన్నాళ్ళు మెత్తగా తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. పెద్దమ్మ నా గది గడప దగ్గరికొచ్చి, నీ మిషను మూలుగుతాండాది, పురుగు లేసేలోగా దాని మూలుగు మాన్పించు, లేదంటే ఆపి పెట్టుకో అని చెప్పిపోయింది.

పని మీద కుప్పం నుంచి రైల్లో బెంగుళూరు పోయివచ్చే స్నేహితుడు ఒకడు ఉండేవాడు. చప్పుడు లేకుండా నెమ్మదిగా తిరిగే ఫ్యాను, అదే కొలతది, కావాలని చెప్పాను. అతను వెతికి తెచ్చి, పుంగనూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. అది చేరేసరికి పురుగులు లేచి నిండు మేత మీద ఉన్నాయి.

ఫ్యాను మారుస్తున్నానని చెప్పగానే ఆమె వచ్చి నా కుర్చీలో కూర్చుంది. నేను నిలబడ్డాను. ప్లగ్గు పీకి, డబ్బాను కంప్యూటరులో నుంచి బయటికి తీసి, బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. విప్పవేమని అడిగింది. ప్లగ్గు పీకినా లోపల కాసేపు కరెంటు నిలబడి ఉంటుంది, చెయ్యి పెడితే కొడుతుందని చెప్పాను. జ్వరంలో ఉండాదన్నమాట, ఉండనీ అంది. నాకు నవ్వొచ్చింది గానీ, నిజానికి అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మూత తీసేసరికి ఫ్యాను రెక్కలు పిండిమరలో ఉన్నట్టు తెల్లగా ఉన్నాయి. పురుగుల పడకలు ఆరడానికి చల్లే సున్నం గోడ మీదుగా వచ్చి అందులో పేరుకుంది. మా సున్నమంతా నీ మిషను మింగిందే అని ఆశ్చర్యపోయింది. పాత ఫ్యాను వైర్లు కత్తిరించి, కొత్తవి అతికి, టేపు చుట్టాను. గాలి ఎటు పోవాలని అడిగింది. బయటికి అన్నాను. డబ్బా బిగించి కంప్యూటరు వేయగానే, తన చీర కొంగుకు అంటుకున్న పట్టుపోగు ఒకటి లాగి ఫ్యాను వెనక పట్టుకుంది. పోగు బయటికి నిటారుగా ఎగిరింది. సరే అన్నట్టు చూసింది. కాసేపాగి, పురుగుల గదిలో వేడి చూసినట్టే మణికట్టు వెనక భాగం అక్కడ పెట్టి, ఈ వేడికి పురుగైతే తట్టుకోదు, నీ మిషను తట్టుకుంటాదా అని అడిగింది. తట్టుకుంటుందన్నాను. ఒక పవర్ సప్లైని అంత శ్రద్ధగా చూసిన మనిషిని తర్వాత ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

ఆమె వెళ్ళి మంచం మీద కూర్చుంది. కోడలు పురుగులకు కొత్త ఆకు వేసి తొట్టి దగ్గరికి పోయింది. కొత్త ఫ్యాను తిరుగుతోందో లేదో నేను వంగి చూసుకోవాల్సి వచ్చింది. అంత నిశ్శబ్దం. పత్రిక ఒకటి కొట్టడం మొదలుపెట్టానో లేదో బయట వాన అందుకుంది. గోడ మీద ఆరేసిన చొక్కా గుర్తొచ్చి వాకిట్లోకి పరిగెత్తాను. ఎండ మండిపోతోంది. ఆకాశంలో ఎక్కడా మబ్బు తునక లేదు. చొక్కా ఎప్పుడో ఆరిపోయి ఉంది. పిచ్చివాడిలా కాసేపు పైకి చూసి, దాన్ని భుజాన వేసుకుని వసారాలోకొచ్చాను.

పెద్దమ్మ మంచం దిగి నిలబడి ఉంది. ఆ ముఖం అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

"మేత ఆపేసినాయి" అంది.

దాని అర్థం నాకూ తెలుసు. ఆ వయసు పురుగు మేత ఆపిందంటే రోగం తగిలినట్టే, పంటంతా గుంత తీసి సున్నం వేసి పూడ్చాల్సిందే. ఆమె కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది. కాసేపటికి బయటికొచ్చింది. చేతిలో ఒక ఆకు, అంచుల నుంచి ఈనె దాకా కొరికేసి ఉంది. దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తూ, మేస్తాండాయి, సప్పుడు లేదు అని తనలో తాను అనుకుంది. కళ్ళు ఒకటి చెబుతున్నాయి, చెవులు ఇంకోటి చెబుతున్నాయి. ఆమె జీవితమంతా చెవుల పక్షమే.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"వాన పడతాండాదనుకుని బయటికి పోయినా పెద్దమ్మా. సూస్తే ఎండ."

ఆమె నా వైపు తిరిగింది. నాకంటే ముందు ఆమెకే అర్థమైంది.

"ఇప్పుడు కూడా ఇనపడతాండాదా నీకు?"

"ఇనపడతాండాది."

"యాడ నుంచి?"

నేను చెయ్యెత్తి పురుగుల గది వైపు చూపించాను. చూపిస్తుండగానే నాకూ వెలిగింది, కానీ ఎత్తిన చెయ్యి ఎట్లా దించాలో తెలియలేదు. గది నిండా వాన కురుస్తూనే ఉంది. ఆ ఇంట్లో ఏడాది ఉండి నేను ఆ చప్పుడు మొదటిసారి వింటున్నాను. పక్కనే నిలబడిన ఆమెకు అది వినిపించడం లేదు.

బల్ల మీదున్న పాత ఫ్యానును తిప్పమంది. వైర్లు తగిలించి తిప్పాను. గరగర కింద, ఎప్పుడూ ఉండే ఆ సన్నని హోరు వచ్చింది. ఆమె మంచం మీద కూర్చుని, తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకుంది. చాలాసేపు వింది. తర్వాత కళ్ళు తెరిచి నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

"అయితే ఏడాదిగా నీ ఫ్యానుకు మేతేస్తాండానప్పా నేను."

నాకు నవ్వు రాలేదు. ఇదంతా ఎవరికీ తెలియనక్కరలేదని, పాత ఫ్యానునే దుమ్ము దులిపి మళ్ళీ బిగిస్తానని చెప్పాను. ఆమె ఆ ఫ్యాను వంక చూసింది. ఆశ పడిందేమో, నాకు తెలియదు. అడిగింది మాత్రం ఒక్క మాట.

"నాకు బాగుండాలనా, పురుగుకు బాగుండాలనా?"

నేను ఆ ఫ్యాను వైర్లు ఊడదీశాను. తీసి పారెయ్ దాన్ని అంది.

ఆమె తప్పంతా గోడదనొచ్చు, కొత్త ఆకుదనొచ్చు, నన్నూ నా మిషనునూ వీధిలోకి గెంటేయొచ్చు. ఇంకెవరైనా అదే చేసేవాళ్ళు. బి.కొత్తకోట దాకా పేరున్న చెవులు ఆమెవి. ఆ చెవులు పోయాయని తెలిసిన పూటే, ఎవరూ ఒప్పించకుండా, ఆమె ఒప్పేసుకుంది. నాకు భయం వేసింది, దండం పెట్టాలనిపించింది.

తొట్టి దగ్గర బుట్టలు కడుగుతున్న కోడల్ని పిలిచింది. తడిచేతులతోనే వచ్చింది ఆ పిల్ల. అత్త ముందు నోరు విప్పి మాట్లాడగా నేను ఏనాడూ వినలేదు. తట్టల్లో మిగిలిన ఆకు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని పెద్దమ్మ అడిగింది. ఆవులకు వేస్తున్నానని తల దించుకుని చెప్పింది. రోజూ మిగులుతోందా అంటే రోజూ మిగులుతోందంది. ఎందుకు చెప్పలేదని పెద్దమ్మ అడగలేదు. పురుగుల సంగతి ఆమెకు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదని ఆమెకూ తెలుసు. ఎక్కువైన ఆకు పడకల్లో కుళ్ళితే పురుగు బతకదు. ఏడాది పొడుగునా ఈ పిల్ల మాట్లాడకుండా దాన్ని ఎత్తిపోయబట్టే పంట నిలిచింది. పెద్దమ్మ ఆ తడిచేతుల వైపు చూస్తూ ఉండి, మంచం మీద నుంచి లేచింది.

"ఈడ కూసో అమ్మీ."

కోడలు కూర్చోలేదు. ఆ మంచం మీద ఇంకెవరూ కూర్చోగా ఆమె చూసి ఉండదు.

"కూసో. నాకు ఇనపడదు. ఇంకమీదట నువ్వే ఇనాల."

బోరులో నీళ్ళు తగ్గాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. కోడలు మంచం అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. తల గోడకు ఆనించమని పెద్దమ్మ చెప్పింది. ఆనించింది. తర్వాత పెద్దమ్మ కొంగు బొడ్లో దోపి, చూరులో గుచ్చిన కొడవలి తీసుకుని, వసారా దిగి తోటలోకి నడిచింది. ఆమె ఆకు కోయడం మాని ఎన్నేళ్ళైందో.

మల్బరీ సాళ్ళ మధ్యకు పోయాక ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఎట్లా ఉందని అడుగుతున్నట్టు గడ్డం ఎత్తింది. మేస్తాండాయత్తా అని అరవడానికి కోడలు నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చినట్టు మూసుకుంది. చెయ్యి తల మీదికి ఎత్తి, వేళ్ళు ఆడిస్తూ, వాన పడుతున్నట్టు కిందికి దించింది. పెద్దమ్మ కాసేపు చూసి, తల ఊపి, ఆకు కోయడానికి వంగింది.